అడుగుల అరిసెలు ఆలస్యమైనప్పుడు: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో పిల్లల ఫిజియోథెరపీ

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగు ఇళ్లలో ఈ వరుస ఇప్పటికీ వినిపిస్తుంది. పైకి ఇవి పిండివంటలే. బిడ్డ ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవడానికి పెద్దలు పెట్టిన లెక్క కూడా ఇందులోనే ఉంది. ఏడాదిన్నర దాటినా అరిసెల పాకం పట్టే రోజు రాకపోతే అందరికంటే ముందు ఆ సంగతి పట్టేది అమ్మమ్మే.

చిక్కంతా ఆ తర్వాతే. "వాళ్ల నాన్నా రెండేళ్లకే నడిచాడు", "మగపిల్లాడు కదా, కాస్త ఆలస్యం", "పుట్టువెంట్రుకలు తీయిస్తే అన్నీ సర్దుకుంటాయి". ఈ మూడింటిలో ఏదో ఒక మాట దగ్గర ఇంట్లో చర్చ ఆగిపోతుంది. ఆరు నెలలు ఇట్టే గడుస్తాయి. పసి మెదడు కొత్త దారులు వేసుకోవడానికి బాగా అనువైన కాలం అదే కాబట్టి ఆ ఆరు నెలల ఖరీదు చాలా ఎక్కువ.

ఏది ఎప్పటికి రావాలన్నదానికి గట్టి కొలత ఒకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ఆ వివరాలు ప్రచురించింది. వాళ్లలో నూటికి 99 మంది 9.2 నెలలకల్లా ఆసరా లేకుండా కూర్చున్నారు, 17.6 నెలలకల్లా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారు. దోగాడకుండానే నడకకు వచ్చినవాళ్లు నూటికి నలుగురు ఉన్నారు కాబట్టి దోగాడలేదన్న ఒక్క కారణంతో కంగారు పడక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాత్రం లెక్క మారుతుంది. రెండు నెలలు ముందు పుట్టిన పాప పదో నెలలో ఉంటే ఆమెను ఎనిమిదో నెల పిల్లగానే చూడాలి. రెండేళ్లు వచ్చేవరకు ఈ సవరణ చేసుకుంటూ పోవాలి.

నెలల లెక్క కన్నా ముందు బిడ్డ కదిలే తీరే కొన్ని సంగతులు చెప్పేస్తుంది. నాలుగైదు నెలలు దాటినా మెడ నిలబడకపోవడం, పిడికిళ్లు ఎప్పుడూ బిగిసే ఉండటం, గుడ్డ మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి బలం పెట్టాల్సి రావడం, చంకల కింద చేతులు వేసి ఎత్తితే కాళ్లు కత్తెరలా ఒకదానిమీదొకటి పడటం. వీటిలో ఏది కనిపించినా "చూద్దాంలే" అనుకోకూడదు.

ఇంకో గుర్తు మన ఇళ్లలో ఇట్టే దాక్కుంటుంది. ఏడాది నిండకముందే బిడ్డ ప్రతి వస్తువుకూ ఎడమ చెయ్యే చాపుతుంటే ఎడమచేతి వాటం అనుకుని నవ్వుకుంటారు. తర్వాత అన్నం తినేటప్పుడు "ఆ చేత్తో కాదు" అని గదమాయిస్తారు. అంత చిన్న వయసులో ఏ బిడ్డకూ చేతివాటం స్థిరపడదు. ఒక చెయ్యే వాడుతోందంటే రెండో చెయ్యి బలహీనంగా ఉందేమోనని చూడాలి. శరీరంలో ఒక పక్క దెబ్బతిన్న బిడ్డ ఇలా నెలల తరబడి తిట్లు తిన్నాక ఆసుపత్రికి రావడం మనసు చివుక్కుమనిపించే విషయం.

ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది సెరిబ్రల్ పాల్సీ, అంటే పసి మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు అదుపు తప్పే స్థితి. ఆసుపత్రుల్లో సీపీ అంటారు. వెయ్యి కాన్పులకు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తుంది. కష్టమైన కాన్పుకూ కాళ్ల బిగువుకూ ఉన్న సంబంధాన్ని లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లోనే వివరించాడు. పుట్టగానే ఏడవకపోవడం, నెలలు తక్కువ కావడం, ముదిరిన పచ్చకామెర్లు, మెదడు పొరల వాపు, ఇవన్నీ కారణాలే. దక్షిణ ఒడిశా కొండ ప్రాంతాలకు వస్తే మెదడుకెక్కే మలేరియానూ కలుపుకోవాలి. ఒడిశాలో 2017లో మొదలైన దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం తర్వాత మలేరియా బాగా తగ్గింది. అయినా జ్వరంలో ఫిట్స్ వచ్చి స్పృహ తప్పి కోలుకున్న బిడ్డ మళ్లీ మామూలుగా నడుస్తోందా, వస్తువు సరిగా పట్టుకుంటోందా అని నెలల తర్వాత కూడా చూసుకోవాలి.

సీపీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. బిడ్డ మాత్రం పెరుగుతుంది. ఎముక పొడవవుతుంటే బిగుసుకున్న కండరం దానితో సమానంగా సాగదు. రెండేళ్లప్పుడు చేత్తో నొక్కితే వంగిన మడమ ఎనిమిదేళ్లకు గట్టిపడిపోవడం అందుకే. "జబ్బు ముదిరింది" అని తల్లిదండ్రులు అనుకుంటారు కానీ అక్కడ ముదిరింది కండరాల బిగువు. ఫిజియోథెరపీకి పని ఉన్నది ఇక్కడే.

నడక తేడాగా ఉన్న ప్రతి బిడ్డకూ ఒకే వ్యాయామం పనికిరాదు. నాలుగైదేళ్ల వరకు బాగానే తిరిగిన మగపిల్లాడు తరచూ పడిపోతూ, నేలమీద నుంచి లేవడానికి మోకాళ్లమీద, తొడలమీద చేతులు వేసుకుని పైకి పాకినట్టు లేస్తుంటే, పిక్కలు ఉబ్బుగా ఉంటే, అది డ్యుషేన్ కండర క్షీణత కావచ్చు. సీపీకి చేయించినట్టు బరువులు మోయించడం, మెట్లు ఎక్కించి దింపించడం ఆ కండరాలకు చేటు చేస్తుంది. సీపీకే అనే చిన్న రక్తపరీక్ష దారి చూపిస్తుంది. పాదాలు లోపలికి మెలితిరిగి పుట్టిన బిడ్డది మరో కథ. పొన్సెటి పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ, చాలామందికి మడమ వెనుక నరంలాంటి పట్టీని సన్నగా కోసి, తర్వాత కడ్డీ బూట్లు తొడుగుతారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ల వయసు వరకు నిద్రలో. పాదం చక్కబడింది కదా అని బూట్లు అటకెక్కిస్తే మెలిక మళ్లీ వస్తుంది. కాబట్టి పేరు తేలకుండా వ్యాయామం మొదలుపెట్టడం తప్పు. పేరు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమూ తప్పే. మెడ నిలపడం, ఆడించడం, సరిగా ఎత్తుకోవడం లాంటివి అనుమానం వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇంతకీ ఫిజియోథెరపీ అంటే సరిహద్దు పట్టణాల్లో చాలామంది మనసులో మెదిలేది రెండు బొమ్మలు: నూనె మర్దన, కరెంటు పెట్టడం. మర్దన బిడ్డకు హాయినిస్తుంది, తల్లీబిడ్డల స్పర్శకు మంచిది. కండరాల బిగువు మాత్రం దానితో పోదు. బిగుసుకున్న కాలిని బలంగా లాగి వంచడం నొప్పితో పాటు ప్రమాదం కూడా. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం సీపీ చికిత్సలన్నిటినీ జల్లెడ పట్టి 2013లో, మళ్లీ 2020లో ట్రాఫిక్ లైట్ల రంగుల్లో వర్గీకరించింది. బిడ్డ తనంతట తాను చేసే పనులకు, నిజజీవితంలో అక్కరకొచ్చే లక్ష్యం పెట్టుకుని చేసే సాధనకు, ఇంట్లో పద్ధతిగా చేయించే కార్యక్రమానికి పచ్చరంగు దక్కింది. బిడ్డ బొమ్మలా పడుకుని ఉంటే ఇంకొకరు చేతులూ కాళ్లూ ఆడించే పద్ధతికి దక్కలేదు.

తేడా ఎక్కడుందంటే, అవతలివాళ్లు కదిపిన కాలు బిడ్డ మెదడుకు దాదాపు ఏమీ నేర్పదు. అందనంత దూరంలో ఉన్న గిలక్కాయ కోసం తానే ఒరిగి, పడబోయి, నిలదొక్కుకుని అందుకున్న బిడ్డ మెదడు ఒక పాఠం నేర్చుకుంటుంది. అలాంటి పాఠాలు వందలూ వేలూ కావాలి.

ఒక్క కూడిక వేస్తే సంగతి తేటపడుతుంది. వారానికి రెండుసార్లు, సారికి ముప్పావుగంట చొప్పున థెరపీకి వెళ్లే అదృష్టం ఉన్న బిడ్డకు దక్కేది వారానికి 90 నిమిషాలు. రోజుకు 12 గంటల మెలకువ లెక్కన వారానికి 5,040 నిమిషాలు. నూటికి రెండు పాళ్లు కూడా థెరపిస్టు దగ్గర గడవదు. మిగతా తొంభై ఎనిమిది పాళ్లూ అమ్మ చంకలో, నానమ్మ ఒడిలో, వీధి అరుగు మీద. కాశీనగరం పక్క పల్లె నుంచి నెలకోసారి బస్సెక్కే తల్లికి ఆ రెండు పాళ్లూ లేవు. అందువల్ల మంచి థెరపిస్టు ముఖ్యంగా పని చేయాల్సింది తల్లితోనే. ఆమెకు ఇంటి పనుల్లోనే కలిసిపోయే నాలుగు మెలకువలు నేర్పి పంపితే నెలంతా చికిత్స జరిగినట్టే.

ఎత్తుకోవడమే చూడండి. కాళ్లు బిగుసుకున్న మూడేళ్ల బిడ్డను చాలామంది పసిబిడ్డలా రెండు చేతుల్లో అడ్డంగా పడుకోబెట్టి మోస్తారు. కాళ్లు దగ్గరకు ముడుచుకుని, తల వెనక్కి వాలి, బిడ్డకు ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. అదే బిడ్డను మన పల్లెల్లో మామూలు పిల్లల్ని ఎత్తుకున్నట్టే చంకనెత్తుకుని, నడుముకు అటో కాలు ఇటో కాలు వేస్తే తొడలు విడివడతాయి, వెన్ను నిలబడుతుంది, మెడ తిప్పి వీధంతా చూస్తుంది. పైసా ఖర్చు లేదు. నూతి దగ్గరకు వెళ్లి వచ్చే ఆ పది నిమిషాలూ సాధనే.

కూర్చోవడం కూడా అంతే. కాళ్లు వెనక్కి మడిచి పిరుదులు నేలకు ఆనించి కూర్చునే అలవాటు ఉంటే ఎప్పటికప్పుడు మార్చి, బాసింపట్టు వేయించాలి. అది కుదరని బిడ్డకు రెండు గోడలు కలిసే మూలలో దిండ్లు సర్ది, కాళ్లు చాపించి, ఒడిలో పళ్లెం పెడితే చేతులు రెండూ ఆటకు ఖాళీ అవుతాయి. లేవడం నేర్పడానికి చిన్న పీట చాలు. పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా దానిమీద కూర్చోబెట్టి, ఎదురుగా మంచం పట్టె మీద ఇష్టమైన వస్తువు పెడితే దానికోసం లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. రోజులో పదిసార్లు లేచినా తొడలకు మంచి కసరత్తు. సంతలో దొరికే గుండ్రటి ప్లాస్టిక్ వాకర్ మాత్రం వద్దు. అందులో బిడ్డ మునివేళ్లతో తన్నుకుంటూ జారుతుంది తప్ప నిలబడటం నేర్చుకోదు. పైగా మెట్ల మీద నుంచి దొర్లిపడే ప్రమాదం ఉంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. తోసుకుంటూ నడిచే మన పాత మూడు చక్రాల చెక్కబండి, నిలబడగలిగిన బిడ్డకు, దానికంటే ఎంతో మేలు. బండి మరీ జోరుగా పరుగెత్తకుండా మీద చిన్న ఇసుక సంచి పెడితే సరి.

అన్నం పెట్టే తీరు గురించి ఒక మాట చెప్పి తీరాలి. వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోస్తే, మింగడం సరిగా రాని బిడ్డకు అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మాటిమాటికీ వచ్చే నిమ్ముకు ఇదొక కారణం. వెన్ను నిటారుగా ఉంచి, గడ్డం కాస్త లోపలికి వంచి, కొంచెం కొంచెంగా పెట్టాలి. ఒక పక్క చెయ్యి బలహీనమైన బిడ్డకు, పెద్దలు దగ్గరే కూర్చుని, మంచి చేతికి మేజోడు తొడిగి కాసేపు రెండో చేత్తోనే ముద్ద అందుకోమనడం కూడా చికిత్సే. ఎంతసేపు చేయించాలో థెరపిస్టు చెబుతారు. పళ్లెం చుట్టూ మెతుకులు పడతాయి, పడనివ్వాలి.

ఇవన్నీ తల్లికి చెప్పాలంటే ఆమె భాషలోనే చెప్పాలి. సరిహద్దులో అసలు గండి పడుతున్నది ఇక్కడే. గజపతి జిల్లాలో తెలుగు, ఒడియా, సవర మూడూ ఒకే బజారులో వినిపిస్తాయి. బజారు బేరానికి సరిపడే ఒడియా తెలుగు తల్లికి వచ్చు. "తుంటి కీలు బయటికి తిప్పి, మోకాలు చాపి, మడమ నేలకు ఆనించి" అనే సూచనకు ఆ ఒడియా చాలదు. తల ఊపుతుంది, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంది, ఇంటికొచ్చాక ఆ కాగితం ఎవరూ తీయరు. ఆమె మీద నిర్లక్ష్యం అన్న ముద్ర పడుతుంది. ఎదుగుదల పరీక్షలోనూ ఇదే దెబ్బ. ఇంట్లో "కూర్చో", "లే" తప్ప వినని ఏడాదిన్నర పాపతో "బస", "ఉఠ" అని, స్పందించలేదని మాట అర్థం చేసుకోవడంలో వెనుకబాటు అని రాసేస్తే ఆ తప్పు పాపది కాదు. సవర ఇంటి బిడ్డకు ఇది రెండింతలు, ఎందుకంటే ఆసుపత్రిలో ఒడియా, అవతలి గట్టున తెలుగు, రెండూ పరాయివే.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడే సవర నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డాడు. జనం మాట్లాడే మాటలోనే పాఠం ఉండాలన్న ఆయన పట్టుదల బడికి ఎంత అవసరమో థెరపీ గదికీ అంతే అవసరం. ఆసుపత్రి కాగితం మీద "హిప్ అబ్డక్షన్ పది సార్లు" అని ఉంటే పనికిరాదు. "పాలు పట్టేటప్పుడు నీ నడుముకు అటూ ఇటూ కాళ్లు వేసుకుని కూర్చోబెట్టుకో" అని, పక్కన గీతబొమ్మతో ఉంటే చదువు రాని నానమ్మ కూడా చేయిస్తుంది. తల్లి ఫోనులోనే, ఆమె బిడ్డతోనే, ఆమె చేత్తోనే చేయిస్తూ రెండు నిమిషాల వీడియో తీసి ఇస్తే ఇంకా మేలు. దీనికి కొత్త యంత్రాలూ కొత్త భవనాలూ అక్కర్లేదు. మూడు భాషలూ తెలిసిన ఆశా కార్యకర్తలు ఈ పట్టణాల్లోనే ఉన్నారు. థెరపీ గదిలో వాళ్లకు ఒక కుర్చీ వేస్తే చాలు.

గీత మీద ఊళ్లు కావడం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటుంది. తొలి కాన్పు పుట్టింట్లో కావడం మన ఆనవాయితీ. పర్లాకిమిడి కోడలి పుట్టిల్లు కూతవేటు దూరంలోని పాతపట్నమో, టెక్కలి వైపో అయితే పురుడు శ్రీకాకుళం జిల్లాలో జరుగుతుంది. బిడ్డ పుట్టగానే ఏడవక నవజాత శిశు విభాగంలో పది రోజులు ఉంటే ఆ రికార్డు ఆంధ్రలోనే ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా అత్తవారింటికి వచ్చేస్తారు. ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి ఎదుగుదల చూడాల్సింది 3, 6, 9, 12, 15 నెలల్లో. సరిగ్గా ఆ వేళకే బిడ్డ ఒక రాష్ట్రం జాబితాలోంచి జారిపోయి, రెండో రాష్ట్రం జాబితాలో ఇంకా ఎక్కి ఉండదు. ప్రమాదం ఎక్కువున్న బిడ్డ అని ఒక చోట రాసిన మాట ఇంకో చోటికి చేరదు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు కానీ నష్టం పూర్తిగా బిడ్డదే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. లోపం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఫిజియోథెరపీ, మాట నేర్పడం, చూపు, వినికిడి పరీక్షలు ఒకే కప్పు కింద ఉచితంగా జరగాల్సిన చోటు అది. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో శస్త్రచికిత్సలతో పాటు కాలికి కట్టే ప్లాస్టిక్ స్ప్లింట్లూ తయారవుతాయి. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. అయినా రాయగడ తెలుగు కుటుంబం రైలెక్కి విజయనగరం, విశాఖ కేజీహెచ్ వైపే వెళుతుంది. భాష అటు లాగుతుంది, చుట్టాలు అటే ఉంటారు. వెళ్లడం తప్పు కాదు. ఇటు రాష్ట్రం కార్డుతో అటు ఉచితం కాని సేవలు ఉంటాయని ముందే తెలుసుకుని వెళ్లాలి. పింఛనూ అంతే, ఏ రాష్ట్ర నివాసికి ఆ రాష్ట్రానిదే. ఆంధ్రలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైందని విని అవతలి గట్టు చిరునామా కోసం దళారులకు డబ్బు పోసుకునేకంటే, దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) చేయించుకోవడం నయం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. సీపీ, ఆటిజం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది. అందులో థెరపీ ఖర్చుకూ చోటుంది.

ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఒకటే: "ఎప్పుడు నడుస్తాడు?" దీనికి సూటిగా జవాబు చెప్పే సాధనం 1997లో కెనడాలో తయారైంది. పిల్లల కదలికను ఐదు స్థాయిలుగా విడదీస్తుంది. ఒకటో స్థాయి బిడ్డ పరుగెత్తగలదు, ఐదో స్థాయి బిడ్డకు మెడ నిలపడానికే సాయం కావాలి. రెండేళ్లలోపు ఆసరా లేకుండా కూర్చోగలిగిన పిల్లల్లో చాలామంది ఏదో ఒక రీతిలో నడుస్తారు. ఐదో స్థాయి బిడ్డ విషయంలో "ఇంకో ఆరు నెలల్లో నడిపిస్తా" అని ఎవరైనా ప్యాకేజీ చెబితే అది దగా. మూలకణాల ఇంజెక్షన్లు అమ్మేవాళ్ల సంగతీ అంతే. 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు సీపీకి వాటిని చికిత్సగా అమ్మడాన్ని ఒప్పుకోలేదు. అలాంటిచోట తాకట్టు పడిన పుస్తెలు మళ్లీ మెడలోకి రావు. నడక రాని బిడ్డకు థెరపీ అక్కర్లేదని కాదు. నొప్పి లేకుండా కూర్చోవడం, కుర్చీలో బడికి వెళ్లడం, తనకేం కావాలో వేలితో చూపించగలగడం, ఇవీ అంతే విలువైన గమ్యాలు.

అందరూ మరిచిపోయేది తుంటి కీలు. సీపీ ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరికి తొడ ఎముక తల తుంటి గూట్లోంచి నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. స్థాయి తీవ్రమయ్యేకొద్దీ ఎక్కువ, ఐదో స్థాయిలో పదిమందిలో తొమ్మిదిమందికి. మొదట్లో నొప్పి ఉండదు, బయటికి కనిపించదు. నొప్పి మొదలయ్యేసరికి పెద్ద ఆపరేషను తప్పదు. స్వీడన్ 1994లో దక్షిణ ప్రాంతంలో మొదలుపెట్టి, తర్వాత దేశమంతటా ఈ పిల్లలకు క్రమం తప్పకుండా తుంటి ఎక్స్‌రేలు తీస్తూ కీలు పూర్తిగా తప్పడాన్ని దాదాపు లేకుండా చేసింది. ఎక్స్‌రే మిషను మన పట్టణాల్లోనూ ఉంది. అడగాలని తల్లికి ఎవరూ చెప్పరు.

రెండు రాష్ట్రాల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేదాకా ఈ బిడ్డల చరిత్రంతా తల్లి చేతిలోని ప్లాస్టిక్ కవరే. దానిలో పుట్టిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఎన్ని వారాలకు పుట్టిందీ ఎంత బరువున్నదీ, ఫిట్స్ మందు పేరూ మోతాదూ, తుంటి ఎక్స్‌రేలు తేదీల వరుసలో, స్ప్లింటు ఎప్పుడు మార్చిందీ, మెడ నిలబడిన నెల, మొదటిసారి కూర్చున్న నెల ఉండాలి. నెలలు గుర్తులేకపోతే ఏ పండక్కు బొబ్బట్లు వండారో అడిగితే అమ్మమ్మ చెబుతుంది. పాతపట్నంలో అయినా, బరంపురంలో అయినా, విశాఖలో అయినా డాక్టరు బల్ల మీద ముందుగా విప్పాల్సింది ఆ కవరే.